విద్యకు దేహమిచ్చిన స్త్రీ: బోధనాసుపత్రిలో రుణధర్మం

విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే ప్రసూతి, స్త్రీరోగ విభాగం ఎప్పుడూ రెండు బాధ్యతల మధ్య పనిచేస్తుంది. ఎదురుగా మంచంమీద ఉన్న స్త్రీకి చికిత్స చేయడం మొదటిది కాగా, రేపు ఏ ఊరిలోనో నొప్పులు పడబోయే మరో స్త్రీని ఆదుకోగల వైద్యురాలిని ఈరోజే తయారుచేయడం రెండోది. ఈ రెండూ మామూలుగా ఒకే బాటలో సాగుతాయి కాబట్టి వాటి మధ్య విభేదం పైకి కనిపించదు. కానీ విద్యార్థి చేయి తొలిసారి ఒక సజీవ దేహాన్ని తాకవలసి వచ్చినప్పుడు ఆ విభేదం బయటపడక తప్పదు. ఆ స్పర్శ వల్ల విద్యార్థికి విద్య వస్తుంది, రాబోయే రోగులకు మేలు జరుగుతుంది, అయితే ఆ క్షణంలో దేహాన్ని అప్పగించిన స్త్రీకి దానివల్ల ప్రత్యేకించి ఒనగూడేది ఏమీ లేకపోవచ్చు. ఒకరి దేహం ద్వారా లభించిన జ్ఞానం ఎవరికి చెందుతుంది, దానిని పొందినవారు ఎవరికి, ఏ రూపంలో రుణపడి ఉంటారు అన్నది వైద్యనీతికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు; దానం, రుణం, పాపం, ప్రాయశ్చిత్తం వంటి భావనలను శతాబ్దాల తరబడి చర్చించిన ధర్మచింతన కూడా సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

ఈ శాస్త్రంలో శిక్షణకు సజీవ దేహం ఎందుకు అవసరమో ముందుగా గ్రహించాలి. గర్భాశయం పరిమాణం, అది ముందుకు వంగి ఉందా వెనక్కు వాలి ఉందా, అండాశయాల దగ్గర వాపు ఉందా, కాన్పు సమయంలో గర్భాశయ ముఖద్వారం ఎంతవరకు తెరుచుకుంది, బిడ్డ తల ఏ వైపు తిరిగి ఉంది అన్న విషయాలను వైద్యులు చాలావరకు వేళ్ల స్పర్శతోనే తెలుసుకుంటారు. యోని పరీక్ష అని పిలిచే ఈ పద్ధతిలో కంటికి కనిపించేది తక్కువ, చేతికి తెలిసేది ఎక్కువ. పుస్తకంలో బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా, మెత్తని కణజాలానికీ గట్టిపడిన గడ్డకూ తేడాను వేలు స్వయంగా నేర్చుకోవలసిందే. కనుక ఎవరి దేహాన్నీ తాకకుండా స్త్రీరోగ నిపుణులు తయారుకావాలని కోరడం, చివరికి ఏ స్త్రీకీ నిపుణమైన వైద్యం అందకూడదని కోరడమే అవుతుంది.

అయినా ఆ స్పర్శకు ముందు ఎంత సిద్ధపడాలి అన్న విషయంలో ప్రాచీనులు ఆశ్చర్యం కలిగించేంత శ్రద్ధ చూపారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని తొమ్మిదో అధ్యాయం పూర్తిగా ఈ సాధనకే కేటాయించబడింది. శాస్త్రమంతా చదివినవాడైనా చేతి సాధన లేకపోతే చికిత్సకు అనర్హుడని చెప్పిన తరువాత, ఏ పనిని దేనిమీద నేర్చుకోవాలో సుశ్రుతుడు ఒక్కొక్కటిగా నిర్దేశించాడు. కోయడాన్ని గుమ్మడి, సొర, దోస వంటి కాయలమీద, చీల్చడాన్ని నీరో బురదో నింపిన తోలుసంచులమీద, గీకడాన్ని వెంట్రుకలు తీయని చర్మంమీద, సిరను గుచ్చడాన్ని చనిపోయిన జంతువుల సిరలమీద, తామరకాడలమీద, కట్టు కట్టడాన్ని గుడ్డతో చేసిన మనిషిబొమ్మమీద అభ్యసించాలన్నాడు. ఈ పట్టికలో ఒక నైతిక సూత్రం దాగి ఉంది: విద్యార్థి అనుభవలేమికి మూల్యం సొరకాయ చెల్లించవచ్చు గాని, రోగి చెల్లించకూడదు.

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సులో ఇదే సూత్రాన్ని ఒక మంత్రసాని కాన్పు విద్యకు వర్తింపజేసింది. ఆంజెలిక్ మార్గరీత్ దు కూద్రే అనే ఆ విదుషి గుడ్డ, తోలు, లోపలి కూరుడుతో స్త్రీ కటిభాగం నమూనాను, దానికి సరిపోయే శిశువు బొమ్మను రూపొందించి, నాళాలు సాగడాన్నీ బిగుసుకోవడాన్నీ చూపడానికి తాళ్లు, పట్టీలు అమర్చింది. 1759లో పదిహేనో లూయీ రాజు అనుమతిపత్రంతో ఆమె పల్లెప్రాంతాలన్నీ తిరిగి, చదువురాని స్త్రీలకు సైతం బిడ్డ అడ్డం తిరిగితే చేతిని ఎలా పోనివ్వాలో ఆ బొమ్మమీద నేర్పింది. ఆ నమూనాల్లో ఒకటి నేటికీ రూఅఁ నగరంలోని మ్యూజియంలో భద్రంగా ఉంది. అయితే సుశ్రుతుడి సొరకాయ అయినా, దు కూద్రే బొమ్మ అయినా విద్యార్థిని గుమ్మం వరకే తీసుకుపోగలవు. ఆ గుమ్మం దాటిన తరువాత ఒక మనిషి ఉంటుంది. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ఆ ప్రశ్న ఎంత జటిలమైనదో తెలుసుకోవడానికి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరపు నేషనల్ విమెన్స్ హాస్పిటల్ చరిత్ర మిక్కిలి ఉపకరిస్తుంది. ఆక్లండ్ విశ్వవిద్యాలయపు ప్రసూతి, స్త్రీరోగ పీజీ విభాగం ఈ ఆసుపత్రిలోనే పనిచేసేది. ఆ విభాగం ప్రపంచానికి చేసిన మేలు సామాన్యమైనది కాదు. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డ రక్తం ఆర్‌హెచ్ పాజిటివ్ అయినప్పుడు తల్లి దేహంలో పుట్టే ప్రతిరక్షకాలు గర్భంలోని బిడ్డ రక్తకణాలను నాశనం చేయగలవు. అటువంటి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే రక్తం ఎక్కించి బతికించవచ్చని 1963లో విలియం లైలీ ఇక్కడే నిరూపించాడు. మాంట్ లిగిన్స్ అనే పరిశోధకుడు గొర్రెలమీద చేసిన ప్రయోగాల్లో, నెలలు నిండకముందే పుట్టి ఊపిరాడక చనిపోవలసిన గొర్రెపిల్ల, గర్భంలో ఉండగా స్టెరాయిడ్ అందడం వల్ల ఊపిరి తీసుకుంటూ ఉండడాన్ని గమనించాడు. ఆ గమనికను ఆధారం చేసుకుని ఆయన రాస్ హౌవీతో కలిసి గర్భిణులమీద జరిపిన పరీక్ష ఫలితాలు 1972లో వెలువడ్డాయి. నెలలు నిండకుండా కాన్పు అయ్యే సూచనలున్న తల్లికి ఆ మందు ఇంజక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు ముందుగానే పరిపక్వమవుతాయన్న ఆ జ్ఞానం నేడు తెలుగు జిల్లాల ఆసుపత్రుల్లో సైతం నిత్యం వినియోగంలో ఉంది.

అదే ఆసుపత్రిలో, అదే కాలంలో, మరో అధ్యాయం కూడా నడిచింది. గర్భాశయ ముఖద్వారంలోని కణాలు కేన్సర్ లక్షణాలు సంతరించుకుని, ఇంకా లోపలి పొరల్లోకి చొచ్చుకుపోని దశను కార్సినోమా ఇన్ సైటు అంటారు. ఆ దశలో ఆ భాగాన్ని తొలగించాలన్నది అప్పటికే స్థిరపడిన పద్ధతి. అసోసియేట్ ప్రొఫెసర్ హెర్బర్ట్ గ్రీన్ మాత్రం ఈ దశ నిజమైన కేన్సర్‌గా మారదని నమ్మాడు. అనవసరమైన శస్త్రచికిత్సల వల్ల యువతులు గర్భసంచిని, సంతానయోగ్యతను కోల్పోతున్నారన్న బాధ కూడా ఆయన నమ్మకం వెనుక ఉందని గుర్తించడం న్యాయం. తన అభిప్రాయాన్ని నిరూపించడానికి, కొందరు స్త్రీలకు పూర్తి చికిత్స చేయకుండా కేవలం గమనిస్తూ ఉండే ప్రతిపాదనకు 1966లో ఆసుపత్రి సీనియర్ వైద్యుల సమావేశం ఆమోదం తెలిపింది. ఆ స్త్రీలకు తాము ఒక పరిశోధనలో భాగమన్న సంగతి తెలియదు. పరీక్షకు పిలిచినప్పుడల్లా వచ్చి, తమకు వైద్యం జరుగుతోందన్న భరోసాతో ఇంటికి తిరిగి వెళ్లేవారు.

ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తున్న బిల్ మెకిండో, జాక్ మెక్లీన్ వంటి వైద్యులు ఏళ్ల తరబడి వ్యక్తం చేసిన ఆందోళన ఫలించకపోయినా, 1984లో వారు సహచరులతో కలిసి ప్రచురించిన పత్రం వాస్తవాన్ని అంకెల్లో చూపింది. తొలి చికిత్స తరువాత కణపరీక్ష మామూలు స్థితికి వచ్చిన 817 మందిలో 1.5 శాతం మందికి వ్యాపించే కేన్సర్ రాగా, అసహజ కణాలు కొనసాగుతూనే ఉన్న 131 మందిలో 22 శాతం మందికి అది వచ్చింది. శాండ్రా కోనీ, ఫిలిడా బంకల్ అనే ఇద్దరు రచయిత్రులు ఈ విషయాన్ని 1987 జూన్‌లో మెట్రో పత్రిక ద్వారా ప్రజల ముందుకు తెచ్చిన తరువాత, న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ అధ్యక్షతన విచారణ జరిగి 1988లో నివేదిక వెలువడింది. ఆ విచారణలో శిక్షణకు సంబంధించిన మరో సంగతి కూడా బయటపడింది. శస్త్రచికిత్సకోసం మత్తులో ఉన్న స్త్రీలమీద, వారికి ముందు చెప్పకుండా, అనుమతి అడగకుండా విద్యార్థులచేత యోని పరీక్ష చేయించడం అక్కడ ఆచారంగా ఉండేది. ఇది ఆ ఒక్క దేశపు దోషం కాదు. అమెరికాలో బోధనాసుపత్రులు ఇటువంటి పరీక్షలకు ముందుగా రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని అక్కడి ఆరోగ్యశాఖ స్పష్టంగా నిర్దేశించింది 2024లో మాత్రమే అన్నది గమనించదగిన విషయం.

ఒకే పైకప్పు కింద జరిగిన ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు సహజంగా ఒక లెక్క మనసులో మెదులుతుంది. గర్భంలోని శిశువులకు, నెలలు నిండని శిశువులకు దక్కిన ప్రాణాలు లెక్కకు మించినవి. మోసపోయిన స్త్రీల సంఖ్య దానితో పోలిస్తే చిన్నది. అధిక సంఖ్యాకుల అధిక సుఖమే ధర్మానికి కొలబద్ద అనే ప్రయోజనవాదం ఈ లెక్కను ఒప్పుకునే అవకాశం ఉంది. కర్మసిద్ధాంతం మాత్రం ఈ రకమైన సర్దుబాటును అంత సులభంగా అంగీకరించదు. పుణ్యానికి పుణ్యఫలం, పాపానికి పాపఫలం విడివిడిగా అనుభవంలోకి రావలసిందేనన్న భావన మన సంప్రదాయంలో బలంగా ఉంది. మహాభారతంలోని స్వర్గారోహణ పర్వం దీనికి అతి కఠినమైన నిదర్శనాన్ని చూపుతుంది. జీవితమంతా ధర్మాన్ని ఆచరించిన యుధిష్ఠిరుడు సైతం, ద్రోణుడికి అశ్వత్థామ విషయంలో సగం సత్యం చెప్పిన దోషానికి నరకదర్శనం చేయవలసి వచ్చింది. ఆయన పుణ్యరాశి ఆ దోషాన్ని మాయం చేయలేకపోయింది. ఆక్లండ్‌లో రోగులకు అందింది కూడా సగం సత్యమే: మళ్లీ పరీక్షకు రమ్మన్న మాట నిజం, ఎందుకు రమ్మంటున్నారన్నది దాచిన సంగతి. ఒక విభాగం చేసిన గొప్ప ఆవిష్కరణలు అది మరొకరికి చేసిన ద్రోహానికి ప్రాయశ్చిత్తం కాలేవు; ద్రోహానికి గురైనవారి దగ్గరకు వెళ్లి చేసేదే ప్రాయశ్చిత్తం.

జర్మన్ తత్త్వవేత్త ఇమాన్యుయేల్ కాంట్ 1785లో ప్రకటించిన నైతిక సూత్రం ఈ దోషాన్ని మరో వైపు నుంచి గుర్తిస్తుంది. ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడుకోరాదని, ప్రతి మనిషీ తనంతట తాను ఒక లక్ష్యమని ఆయన వాదించాడు. బౌద్ధుల పంచశీలాల్లో రెండోది, జైనుల వ్రతాల్లో మూడోది ఇంతకంటే సూటిగా ఈ సందర్భానికి వర్తిస్తాయి. ఆ రెండు మతాలూ దొంగతనాన్ని నిర్వచించేటప్పుడు వస్తువు విలువను గాని, యజమానికి కలిగిన నష్టాన్ని గాని ప్రమాణంగా తీసుకోలేదు. ఇవ్వనిదాన్ని తీసుకోవడమే దోషమన్నాయి. మత్తులో ఉన్న స్త్రీకి నొప్పి తెలియదు, గాయం కాదు, లేచిన తరువాత జ్ఞాపకం ఉండదు కాబట్టి ఆమెకు నష్టమేమీ లేదన్న వాదన ఈ నిర్వచనం ముందు నిలవదు. ఆమె ఇవ్వలేదు, వీరు తీసుకున్నారు. దోషం అంతటితో పూర్తయింది. ఆమెకు తెలియకపోవడం ఆ దోషాన్ని తగ్గించదు సరికదా, కాదనే అవకాశాన్ని కూడా ఆమెనుంచి తీసుకున్నందుకు మరింత పెంచుతుంది.

సమ్మతి తీసుకుంటే ఈ సమస్య ముగిసిపోతుందని ఆధునిక వైద్యనీతి తరచు భావిస్తుంది. అది అవసరమైన మెట్టే గాని ఆఖరి మెట్టు కాదు. ఎందుకంటే సమ్మతి దొంగతనాన్ని దానంగా మార్చగలదు, కాని దానాన్ని స్వీకరించినవాడి బాధ్యతను రద్దు చేయలేదు. ధర్మశాస్త్రాలు దాతను ఎంత పొగిడాయో, ప్రతిగ్రహీతను, అంటే దానం పుచ్చుకునేవాడిని, అంత హెచ్చరించాయి. పుచ్చుకునే అర్హత ఉన్నవాడు సైతం ప్రతిగ్రహానికి అలవాటు పడకూడదని, దానివల్ల అతని తేజస్సు క్షీణిస్తుందని మనుస్మృతి చెప్పింది. దానం తీసుకోవడం ఒక భారాన్ని తలకెత్తుకోవడమన్న ఈ ఎరుక వైద్యవిద్యలో ఎక్కడా కనిపించకపోవడం విచారకరం. విద్యార్థి తాను కట్టిన ఫీజును, చదివిన రాత్రులను, రాసిన పరీక్షలను లెక్కపెట్టుకుంటాడు గాని, లేబర్ రూమ్‌లో తన తడబడే చేతిని ఓర్చుకున్న స్త్రీల లెక్క అతని దగ్గర ఉండదు.

ఈ భారాన్ని అర్థం చేసుకోవడానికి వైదిక సాహిత్యంలోని రుణభావన తోడ్పడుతుంది. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు రుణపడి ఉంటాడని తైత్తిరీయ సంహిత చెప్పగా, శతపథ బ్రాహ్మణం దానికి నాలుగో రుణాన్ని, తోటి మనుషులకు పడిన రుణాన్ని చేర్చింది. వీటిలో ఋషిరుణం తీరే పద్ధతి ప్రత్యేకమైనది. ఋషులకు నేరుగా తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు. వారు దర్శించిన విద్యను అధ్యయనం చేసి తరువాతి తరానికి అందించడం ద్వారానే ఆ రుణం తీరుతుంది. వైద్యవిద్యను సమర్థించేవారు తెలిసో తెలియకో ఈ నమూనానే ఆశ్రయిస్తారు. ఈ రోజు ఒక స్త్రీ దేహం నుంచి నేర్చుకున్న వైద్యుడు రేపు వందలమంది స్త్రీలను కాపాడతాడు కాబట్టి రుణం తీరినట్లేనన్నది వారి వాదం.

ఆ వాదంలో కొంత సత్యం ఉన్నా, అది రెండు భిన్నమైన రుణాలను ఒకటిగా కలిపివేస్తోంది. ఋషి తన విద్యను కోరి ఇచ్చాడు. ఇచ్చేనాటికి అతడు ఎవరిమీదా ఆధారపడి లేడు. ఇప్పుడు అతడు మన ఎదుట లేడు. ప్రభుత్వాసుపత్రిలోని స్త్రీ నొప్పితో వచ్చింది, మరో చోటికి పోయే స్తోమత లేక వచ్చింది, ఇంకా మన ఎదుటే మంచంమీద ఉంది. ఆమెకు పడిన రుణాన్ని ముందుతరాల పేరిట చెల్లించడం, అప్పిచ్చినవాడు వాకిట్లో నిలబడి ఉండగా ఆ సొమ్మును వేరొకరికి దానం చేసి బాకీ తీరిందని చెప్పడం వంటిది. శతపథ బ్రాహ్మణం నాలుగో రుణం గురించి చెప్పేటప్పుడు, అది వచ్చిన మనిషికి ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టడం ద్వారా తీరుతుందని నిర్దేశించింది. ఆ రుణానికి ఉత్తమర్ణుడు, అంటే అప్పిచ్చినవాడు, గుమ్మంలోకి వచ్చిన సజీవుడైన మనిషే. బోధనాసుపత్రి ప్రధానంగా మోస్తున్నది ఈ మనుష్యరుణాన్ని. దానిని ఋషిరుణంగా భావించి రేపటి రోగుల పేరిట తీర్చామనుకోవడంలోనే మౌలికమైన పొరపాటు ఉంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. బోధనాసుపత్రిలో వైద్యం ఉచితం లేదా దాదాపు ఉచితం కాబట్టి, శిక్షణకు సహకరించడం ద్వారా రోగి దానికి ప్రతిఫలం చెల్లిస్తోందని, కనుక ఉభయుల లెక్క సరిపోయిందని కొందరు భావిస్తారు. పందొమ్మిదో శతాబ్దపు వియన్నా ప్రసూతి ఆసుపత్రి సరిగ్గా ఈ ఒప్పందంమీదనే నడిచింది. పేద స్త్రీలకు అక్కడ ఉచితంగా కాన్పు చేసేవారు. బదులుగా వారి దేహాలు విద్యార్థుల శిక్షణకు ఉపయోగపడేవి. శవపరీక్ష గది నుంచి సరిగా శుద్ధి చేయని చేతులతో వచ్చే విద్యార్థులున్న వార్డులో బాలింత జ్వరంతో మరణాలు, మంత్రసానులు శిక్షణ పొందే వార్డుకంటే ఎంతో ఎక్కువగా ఉండడంతో, ఆ సంగతి ఊరంతా తెలిసిపోయి గర్భిణులు తమను విద్యార్థుల వార్డులో చేర్చవద్దని ప్రాధేయపడేవారు. 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగడాన్ని తప్పనిసరి చేసేవరకూ ఆ ఉచిత వైద్యానికి కొందరు స్త్రీలు ప్రాణాలనే చెల్లించారు. ధరను ఇద్దరూ కలిసి నిర్ణయించుకుంటేనే అది బేరం అవుతుంది. ఒకరికి మరో దారి లేనప్పుడు రెండోవారు విధించేది బేరం కాదు. పైగా భారతదేశంలో ప్రభుత్వ వైద్యం దయాధర్మం కాదు. అత్యవసర వైద్యం అందించడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద ప్రభుత్వ బాధ్యతని సుప్రీంకోర్టు 1996లోనే స్పష్టం చేసింది. హక్కుగా రావలసినదానికి దేహాన్ని ధరగా అడగడం న్యాయం కాజాలదు.

తెలుగునాట ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి, హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధమైన పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి వంటి సంస్థల్లో తరాల తరబడి వైద్యులు కాన్పు చేయడం నేర్చుకున్నారు. వారిలో చాలామంది తరువాత ప్రైవేటు నర్సింగ్ హోములు పెట్టారు, కార్పొరేట్ ఆసుపత్రుల్లో చేరారు, అమెరికాకు, బ్రిటన్‌కు వెళ్లి పేరు తెచ్చుకున్నారు. వారి నైపుణ్యానికి పునాది వేసినవారు దినకూలి స్త్రీలు, వలస కుటుంబాల స్త్రీలు, పల్లెలనుంచి రిఫరల్ చీటీతో అర్ధరాత్రి చేరుకున్న గర్భిణులు. ఈ స్త్రీలు ఇచ్చిన విద్య ఫలాలను డబ్బు చెల్లించగలిగిన వేరే వర్గపు స్త్రీలు అనుభవిస్తున్నారన్నది ఏ ఒక్క వైద్యుడి దోషమూ కాదు, కాని అది రుణం ఏ దిక్కునుంచి ఏ దిక్కుకు ప్రవహించిందో స్పష్టంగా చూపుతుంది.

స్త్రీ దేహాన్ని ఇంత సులభంగా పాఠ్యవస్తువుగా భావించగలగడానికి సంస్కృతిలో కూడా కారణాలున్నాయి. తల్లిని దైవంగా కొలిచే సమాజమే ప్రసవించిన దేహాన్ని మైలగా ఎంచి పురిటిగదిలో వేరుగా ఉంచింది; బిడ్డను చేతుల్లోకి తీసుకున్న మంత్రసానిని కింది కులానికి పరిమితం చేసింది. మాతృత్వం అనే భావానికి దక్కిన పూజ ఆ మాతృత్వాన్ని మోస్తున్న దేహానికి దక్కలేదు. అందుచేతనే పురిటినొప్పులతో అరుస్తున్న స్త్రీని కసరడం, నలుగురి మధ్య తెర వేయకుండా పరీక్షించడం, ఆమె వింటుండగానే ఆమె గురించి ఆమెకు తెలియని భాషలో విద్యార్థులకు పాఠం చెప్పడం తప్పుగా తోచకుండా పోయాయి. ప్రాచీన వైద్యగ్రంథాలు సైతం ఈ లోపం నుంచి పూర్తిగా బయటపడలేదు. చరక సంహితలో శిష్యుడిచేత చేయించే ప్రతిజ్ఞ, తన ప్రాణం కోసమైనా రోగికి ద్రోహం తలపెట్టరాదని ఉదాత్తంగా చెబుతూనే, భర్త గాని సంరక్షకుడు గాని దగ్గర లేని స్త్రీకి చికిత్స చేయరాదని కూడా ఆదేశించింది. ఆ ఆదేశంలో స్త్రీ గౌరవాన్ని రక్షించాలన్న ఉద్దేశం ఉన్నా, అడగవలసింది ఆమెనే అన్న గుర్తింపు లేదు. వయోజనురాలైన స్త్రీ గర్భస్రావానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలునని 1971 నాటి చట్టం నిర్దేశించిన తరువాత కూడా భర్త సంతకం అడిగే అలవాటు పోకపోవడం ఆ పాత లోపానికి కొనసాగింపే. రోగనిర్ధారణకోసం చేసే పరీక్షకు ఇచ్చిన సమ్మతిని గర్భసంచి తొలగింపుకు సమ్మతిగా తీసుకోరాదని, మత్తులో ఉన్న రోగి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఆ గుర్తింపును న్యాయభాషలో నిలబెట్టింది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, విద్యార్థులు రోగులకు దూరంగా ఉండాలన్న నిర్ణయానికి రావడం సరికాదు. శిక్షణలో స్త్రీకి ఉన్న స్థానాన్ని మార్చడం సాధ్యమని అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం చూపింది. 1960ల చివర అక్కడి స్త్రీరోగ విభాగంలో రాబర్ట్ క్రెచ్‌మర్ అనే ఆచార్యుడు యోని పరీక్ష నేర్పడానికి తొలుత ఒక నర్సును నియమించాడు. అయితే ఆమె ముఖం కనిపించకుండా తెర కట్టడంతో ఆమె మౌనమైన నమూనాగానే మిగిలింది. తరువాతి కొన్నేళ్లలో ఆ తెర తొలగిపోయి, తమ దేహనిర్మాణాన్ని క్షుణ్ణంగా తెలుసుకున్న స్త్రీలు బోధకులుగా ముందుకు వచ్చారు. పరీక్ష జరుగుతుండగానే విద్యార్థితో వారు మాట్లాడతారు: వేలిని ఎక్కడ ఉంచాలో, ఎంత ఒత్తిడి చాలునో, అండాశయం ఎప్పుడు చేతికి తగిలిందో, పరికరాన్ని చొప్పించే ముందు ఏ మాట చెప్పాలో, ఏ మాట అనకూడదో వారే నేర్పుతారు. ఈ పద్ధతిని తరువాత అనేక వైద్య కళాశాలలు స్వీకరించాయి. దేహం అదే, పరీక్ష అదే, విద్యార్థి తడబాటు కూడా అదే. కాని ఆ గదిలో ఎవరు గురువు అన్నది మారిపోయింది. మత్తులో పడి ఉన్న స్త్రీ ఎన్నటికీ నేర్పలేని విషయం ఒకటి ఈ బోధకురాలు నేర్పగలదు: తాకబడుతున్న మనిషికి ఏమనిపిస్తుందన్నది. దాన్ని తెలుసుకోని నైపుణ్యం శాస్త్రదృష్టితో చూసినా అసంపూర్ణమే.

న్యూజిలాండ్ కూడా తన గాయం నుంచి ఒక వ్యవస్థను నిర్మించుకుంది. కార్ట్‌రైట్ నివేదిక ఫలితంగా 1994లో ప్రత్యేక చట్టం, 1996లో రోగుల హక్కుల నియమావళి వచ్చాయి. ఆ నియమావళిలోని తొమ్మిదో హక్కు, ఒక వ్యక్తిని బోధనలో గాని పరిశోధనలో గాని పాల్గొనజేసినప్పుడు మిగిలిన హక్కులన్నీ అక్కడా వర్తిస్తాయని స్పష్టంగా చెబుతుంది. విద్యార్థి పాఠం కోసం చేసిన స్పర్శ కూడా చికిత్స వలెనే జవాబుదారీ అయినదన్న ఈ సూత్రం, ఇవ్వనిదాన్ని తీసుకోరాదన్న శీలానికి పౌరచట్టం ఇచ్చిన రూపం.

వీటన్నిటి ఆధారంగా బోధనాసుపత్రి పాటించవలసిన రుణధర్మం మూడు విధులుగా రూపుదిద్దుకుంటుంది. మొదటిది అడగడం: విద్యార్థి తన పేరు చెప్పి, తాను ఇంకా నేర్చుకుంటున్నానని ఒప్పుకుని, రోగికి తెలిసిన తెలుగులో, ఆమె కాదన్నా ఆమె వైద్యానికి ఏ లోటూ రాదని నమ్మకం కలిగించి అడగడం. కాదనే స్వేచ్ఛ లేని చోట ఔనన్న మాటకు విలువ లేదు కాబట్టి, ఆమె నిరాకరణను గౌరవించిన సందర్భాలే ఆ విభాగపు సమ్మతి నిజమైనదని రుజువు చేస్తాయి. రెండోది ఆమెకే తిరిగి ఇవ్వడం: పరీక్షలో తెలిసిన సంగతిని కేస్ షీట్‌లో రాసి ఊరుకోకుండా ఆమెకు విడమర్చి చెప్పడం, కాన్పు వేళ తెరను, తోడుగా ఒక మనిషిని, మర్యాదగల మాటను సమకూర్చడం. 2017లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన లక్ష్య కార్యక్రమం లేబర్ రూమ్ నాణ్యతలో గౌరవప్రదమైన ప్రసవ సంరక్షణను చేర్చడం ఈ దిశలో వేసిన అడుగు. మూడోది ఆమె వర్గానికి తిరిగి ఇవ్వడం: ఎవరి దేహాలనుంచి విద్య వచ్చిందో ఆ స్త్రీలుండే తండాలకు, మన్యం గూడేలకు, మురికివాడలకు ఆ విద్యలో న్యాయమైన వాటా చేరేలా విభాగం తన శిక్షణను, నియామకాలను మలచుకోవడం. ఈ మూడో విధిని విద్యార్థి మంచితనానికి వదిలివేయకూడదు; రుణం సంస్థది కనుక తీర్చవలసిన ఏర్పాటు కూడా సంస్థదే.

విభాగాల్లో పనిభారం ఎక్కువని, ఒకే రాత్రి పదుల కాన్పులు జరిగే చోట ప్రతి స్పర్శకూ మాట ముందుగా చెప్పడం సాధ్యం కాదని అనుభవజ్ఞులు చెప్పే మాటలో వాస్తవం ఉంది. సిబ్బంది కొరత, మంచాల కొరత కలిగించే ఒత్తిడికి మొదట బాధ్యత వహించవలసింది ప్రభుత్వమే. అయినా మత్తు ఇవ్వకముందు ఒక్క ప్రశ్న అడగడానికి పట్టే సమయం అరనిమిషానికి మించదు. ఆ అరనిమిషం దొరకకపోవడానికి అసలు కారణం పని ఒత్తిడికంటే, అడగవలసిన అవసరం ఉందన్న ఎరుక లేకపోవడమే.

జ్ఞానం పవిత్రమైనదని భారతీయ సంప్రదాయం పదే పదే చెప్పింది. ఆ పవిత్రత జ్ఞానానికి దానంతట అదే రాదు. దాన్ని ఎలా పొందారన్నదాన్ని బట్టి వస్తుంది. స్త్రీల ఆరోగ్యాన్ని మెరుగుపరచడమే ధ్యేయంగా ఉన్న విశ్వవిద్యాలయ విభాగం, తన దగ్గరకు వచ్చిన స్త్రీని ముందుతరాల మేలుకోసం వాడుకోదగిన వస్తువుగా చూసినప్పుడు తన ధ్యేయాన్నే ఖండించుకుంటుంది, ఎందుకంటే ఆ ముందుతరాల స్త్రీలు కూడా ఏదో ఒకనాడు ఇదే మంచంమీదకు వచ్చేవారే. ఆమెను అడిగి, ఆమెనుంచి నేర్చుకుని, ఆమెను గురువుగా అంగీకరించినప్పుడు మాత్రమే చికిత్స, శిక్షణ అనే రెండు బాధ్యతల మధ్య ఉన్న విభేదం తొలగి, రెండూ ఒకే ధర్మంగా నిలుస్తాయి. పట్టా పుచ్చుకునే ప్రతి వైద్యుడూ తన గురువుల పేర్లు చెప్పుకునేటప్పుడు, పేరు తెలియని ఆ స్త్రీలను కూడా ఆ వరసలో చేర్చుకోవాలి; వారికి చేయవలసిన గురుదక్షిణ ఇంకా మిగిలే ఉందని గుర్తుంచుకుని వైద్యం చేయాలి.